పై ఇంటామె కొడుకు ఆట

ఆమె మొదటిసారి మా తలుపు కొట్టినప్పుడు చేతుల్లో రేడియో ఉంది. పొడుగు మనిషి, ఎండకు ఎర్రగా కమిలిన ముక్కు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పై అంతస్తులో ఉండే ఇంగ్లీషు ఫోర్‌మన్ భార్య అని తెలుసు గానీ, అప్పటిదాకా మెట్ల మీద ఎదురైతే నవ్వుకోవడం తప్ప మా మధ్య మాటల్లేవు.

"మీ బాల్కనీ ఒక అరగంట ఇస్తావా, లవ్?" అని అడిగింది.

ఆ చివరి మాటకు నేను బిత్తరపోయాను. వాళ్ళ ఊళ్ళో అందరినీ అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. కూరగాయలమ్మే పాకిస్తానీ ముసలాయనను, నీళ్ళ ట్యాంకరు డ్రైవరును, ఆఖరికి మా ఆయనను కూడా ఆమె అలాగే పిలిచేది. మా ఆయన ఆ మాట వినపడితే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు బజారుకు పోయేవాడు.

దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మా బిల్డింగు మొత్తం కంపెనీ అద్దెకు తీసుకున్నదే. కింద మాలాంటి ఆఫీసు గుమాస్తాల కుటుంబాలు, పైన ఇంగ్లీషువాళ్ళు. నూనె డబ్బు ఊరి మీద వానలా కురుస్తున్న ఏళ్ళవి. నిన్న ఖాళీగా ఉన్న జాగాలో పొద్దున లేచేసరికి పెద్ద గుంత ఉండేది. రంజాన్ వచ్చేసరికి ఆ గుంతలోంచి నాలుగంతస్తులు లేచేవి. ఆమె కిటికీల వైపు అలాంటిదే ఒకటి లేస్తోంది. చీకటి పడ్డా వెల్డింగు ఆగదు. అది నడుస్తున్నంతసేపు ఆమె రేడియోలో గరగర తప్ప ఏమీ వినపడదట. మా బాల్కనీ సముద్రం వైపు. అటు ఇంకా ఎవరూ ఏమీ కట్టలేదు.

"శనివారం ఫుట్‌బాల్ స్కోర్లు చదువుతారు. నా కొడుకు ఆడతాడు," అంది.

"రేడియోలో వచ్చేంత పెద్ద ఆటగాడా?"

"కాదు. వాడికి పదిహేడు. ఇంకా రిజర్వు జట్టులోనే ఆడుతున్నాడు. రిజర్వు ఆటల స్కోర్లు ఎవరూ చదవరు."

మరి దేనికోసం వింటుందో నాకు అర్థం కాలేదు. అయినా కుర్చీ వేశాను. బాల్కనీ రెయిలింగు మీద రేడియో పెట్టి, ఏంటెన్నా లాగి, చెవి దానికి దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. పాపకు అప్పుడు ఏడాదిన్నర. నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ కొత్త మనిషినే చూస్తూ ఉండిపోయింది.

స్కోర్లు అయిపోతుండగా మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. బాల్కనీలో ఫోర్‌మన్ సారు భార్యను చూసి, వచ్చినవాడు వచ్చినట్టే వంటింట్లోకి దూరాడు.

"గామె ఎందుకొచ్చింది?" అన్నాడు గొంతు తగ్గించి.

"రేడియో పెట్టుకునేటందుకు."

"మన ఇంట్లనా? వాళ్ళకు ఇల్లు లేదా ఏంది?"

"ఉన్నది. ఆడ వినొస్తలేదట."

"సారుకు తెల్సా?"

"నాకేం తెల్సు? పోయి మీరే అడుగున్రి."

"బిస్కెట్లన్న పెట్టినవా? ఆ పగిలిన కప్పుల చాయ్ పొయ్యలేదు గద?"

పగిలిన కప్పులోనే పోశాను. మిగిలిన ఒక్కదాంట్లో పాప మందు కలిపి ఉంది.

అప్పటినుంచి ప్రతి శనివారం రాత్రి ఇషా నమాజు అజాన్ అయిన కాసేపటికి ఆమె మెట్లు దిగి వచ్చేది. కంపెనీలో శనివారం వారం మొదటి పని రోజు. మా ఆయన ఆలస్యంగా వచ్చేవాడు, సారు షహానియా వైపు రోడ్డు పని దగ్గరే ఉండిపోయేవాడు. ఇంట్లో మేమిద్దరం, పాప, ఆ రేడియో.

స్కోర్లు చదివే పద్ధతి నాకు ఆమే నేర్పింది. ఒక ఊరి జట్టు పేరు, ఎన్ని గోల్స్, ఇంకో ఊరి జట్టు పేరు, ఎన్ని గోల్స్, అంతే. కానీ చదివే ఆయన గొంతులోనే అంతా ఉంటుంది. రెండో జట్టు పేరు పలికేటప్పుడు గొంతు పైకి లేచిందంటే వాళ్ళు గెలిచినట్టు, కిందికి జారిందంటే ఓడినట్టు. సమంగా ఉంటే రెండూ సమానం. అంకె రాకముందే తెలిసిపోతుంది. నాలుగైదు వారాలకు నాకూ పట్టు దొరికింది. ఒక్క ఊరూ ఎక్కడుందో తెలియదు గానీ ఎవరు ఓడారో ముందే చెప్పేదాన్ని. పాప అయితే ఆ రాగం పూర్తిగా పట్టేసింది. అన్నం తినేటప్పుడు "అమ్మా ఒకతీ, నాన్నా చున్నా" అని నాన్న దగ్గర గొంతు జార్చేది. "ఈ ఇంట్ల ఎప్పుడూ నేనే ఓడుతనా?" అనేవాడు మా ఆయన.

కొడుకు ఆడని ఆటల స్కోర్లు ఎందుకు వింటుందో కూడా మెల్లమెల్లగా తెలిసింది. వాడి క్లబ్బు పెద్ద జట్టు ఓడితే, అందులో ముసలివాళ్ళను పక్కన పెట్టి కుర్రాళ్ళకు అవకాశం ఇస్తారట. పెద్ద జట్టు గెలుస్తూ ఉంటే ఎవరినీ మార్చరు. కాబట్టి కొడుకు క్లబ్బు పెద్ద జట్టు ఓడిందా లేదా అని ఆమె వారమంతా ఎదురుచూసేది. ఓడితే "అయ్యో" అని నోటితో అనేది. మొహం మాత్రం అలా ఉండేది కాదు. ఆ మొహంలో ఉన్నది సంతోషం అనే నేను అనుకున్నాను.

"ఇంతకూ మీ అబ్బాయి ఏం ఆడతాడు? గోల్స్ కొడతాడా?" అని అడిగాను ఒకరోజు.

"కొట్టడు. మిడ్‌ఫీల్డ్."

"గోల్స్ ఆపుతాడా?"

"ఆపడు. మధ్యలో ఉంటాడు. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకు ఇస్తాడు. మళ్ళీ వెనక్కి పరుగెత్తుతాడు. మళ్ళీ తీసుకుంటాడు."

మా పెళ్ళిళ్ళలో బంతుల్లో వడ్డించే కుర్రాళ్ళు గుర్తొచ్చారు నాకు. వంటశాల నుంచి విస్తరి దాకా, విస్తరి నుంచి వంటశాల దాకా. పప్పు బాగుందంటారు, వండినవాడిని మెచ్చుకుంటారు. వడ్డించినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఆ మాట చెబితే ఆమె చాలాసేపు నవ్వింది.

"సరిగ్గా అదే. అందుకే రేడియోలో వాడి పేరు ఎప్పటికీ రాదు. గోల్ కొట్టినవాడి పేరే చెప్తారు."

వాడు పదహారో ఏట ఇల్లు వదిలాడు. క్లబ్బు ఉన్న ఊరు వాళ్ళ ఊరికి దూరం. అప్రెంటిస్‌గా తీసుకుని ఒక ముసలావిడ ఇంట్లో గది ఇప్పించారట. పొద్దున పెద్ద ఆటగాళ్ళ బూట్లు తుడవాలి, స్టేడియం మెట్లు ఊడవాలి, తర్వాత ఆట నేర్చుకోవాలి. తండ్రికి అక్కడ పని లేక ఖతార్ రావలసి వచ్చింది. ఆమె కొన్నాళ్ళు అక్కడే ఉండి, కొడుకు ఎలాగూ ఇంట్లో లేడు కదా అని భర్త వెంట వచ్చేసింది. అప్రెంటిస్‌లకు పద్దెనిమిది నిండేలోగా క్లబ్బు తేల్చి చెప్తుంది. ఉంచుకుంటే జీతమిచ్చే ఆటగాడు అవుతాడు, లేకపోతే సంచి సర్దుకోవాలి. వాడి పుట్టినరోజు ఏప్రిల్ నెలలో. అప్పటికి తేలుతుంది. పంపేస్తే దోహా వచ్చి తండ్రి దగ్గర సర్వే పని నేర్చుకోవాలని సారు ముందే కంపెనీలో మాట్లాడి పెట్టాడు.

"ఆ ముసలావిడ వాడికి ఆదివారం పుడ్డింగు చేసి పెడుతుందట. బాగుందని రాశాడు," అనేది. ఆ ముసలావిడ గురించి చెప్పినప్పుడల్లా ఆమె పెదవులు సన్నబడేవి.

నాకు పాప విషయంలో మొదటినుంచీ గాభరా ఎక్కువ. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఏసీ ఆగితే ఉడికిపోతుందని, నడిస్తే జలుబు చేస్తుందని. ఆ సంగతి పై ఇంటామె ఒకసారి గమనించింది.

"నేనూ అలాగే వేలు పెట్టి చూసేదాన్ని," అంది.

"ఎప్పటిదాకా?"

"వాడికి పదిహేనేళ్ళు వచ్చేదాకా. ఒకరోజు లేచి, అమ్మా, ఊపిరి ఆడుతోంది, వెళ్ళి పడుకో అన్నాడు."

జనవరిలో పాపకు జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మా ఆయన ఉమ్మ్ సయీద్ ఊళ్ళో ఉన్న ఆఫీసుకు పోయి ఉన్నాడు, కబురు చేసే దారి లేదు. పై ఇంటామె నన్ను అడగకుండానే పాపను తీసుకుని తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. సారు పికప్పులో ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ నా వంతు వచ్చేదాకా పాపను తన భుజం మీద వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆ వారమే ఆమె కొడుక్కి చీలమండ బెణికిందని కబురొచ్చింది. కొన్ని వారాలు ఆడకూడదన్నారట. ఏప్రిల్ దగ్గరకొస్తుంటే ఇంట్లో కూర్చోబెడితే ఇంకేం ఉంచుకుంటారు? ఆమె ఆ మాట చాలా మామూలుగా చెప్పింది. పాప నుదురు తడుముతూ చెప్పింది.

ఆ రాత్రి పాప జ్వరం దిగాక, వంటింట్లో పోపుల డబ్బాల పైన ఉన్న రాజన్న పటం ముందు నిల్చుని మొక్కుకున్నాను. మాది కరీంనగర్ వైపు. మా ఇళ్ళల్లో పిల్లలకు ఏ ఆపద వచ్చినా వేములవాడ రాజన్నకు కోడె మొక్కుతారు. పని అయ్యాక కోడెను తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేసి వస్తారు. "రాజన్నా, పాపను సల్లగ సూసినవు. ఆ పిల్లగాన్ని గూడ సూడు. ఆ క్లబ్బోళ్ళు ఉంచుకుంటే నీ గుడి చుట్టూ కోడెను తిప్పుత" అన్నాను. కోరిన పని అయ్యేదాకా మొక్కు బయటికి చెప్పకూడదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

చదువుకున్నదానివి, బి.ఏ. దానివి, బంతాటకు కోడె మొక్కా అని ఎవరైనా నవ్వవచ్చు. ఒక తల్లికి ఇంకో తల్లి ఇంకేం ఇచ్చుకోగలదు? ఆమెకు నా దగ్గర పగిలిన కప్పులో చాయ్, ఒక బాల్కనీ తప్ప ఏమీ లేవు.

చీలమండ మానింది. మార్చిలో వాడు రిజర్వు జట్టులోకి తిరిగి వచ్చాడు. పెద్ద జట్టు వరసగా ఓడింది. స్కోర్లు చదివే ఆయన గొంతు ఎటు జారినా మాకు సంబరమే అయింది. కనీసం నాకు.

మా కంపెనీ ఇంగ్లండు ఆఫీసులో సారు స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. క్లబ్బు ఏ సంగతి చెప్పినా అబ్బాయి ఆయనకు ఫోన్ చెయ్యాలి, ఆయన దోహాకు టెలెక్సు కొట్టాలి అని ముందే అనుకున్నారు. దోహా ఆఫీసులో టెలెక్సు మెషీను ముందు కూర్చునేది మా ఆయనే. అందుకని ఆ కబురు ఊళ్ళో అందరికన్నా ముందు తెలిసింది మాకే.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి, చొక్కా జేబులోంచి చింపిన కాగితం ముక్క తీసి నా ముందు పెట్టాడు. అందులో ఉన్నది ఒకటే వాక్యం. రెండేళ్ళకు సంతకం అయింది, అబ్బాయి సంతోషంగా ఉన్నాడు, తల్లికి చెప్పండి.

నేను గట్టిగా అరిచాను. పాప ఉలిక్కిపడింది.

"ఏమైందే? మన పిల్లగాడా ఏంది?" అన్నాడు మా ఆయన.

"నేను పోయి చెప్పొస్త."

"ఆగు ఆగు. సారుకు ముందు చెప్పాలె. పద్ధతి ఉంటది."

"సారు ఎడారిలున్నడు. వచ్చేసరికి పొద్దుగూకుతది. తల్లికి చెప్పమనే గద రాసిండ్రు?"

"అన్నం?"

"గిన్నెలున్నది. పెట్టుకోన్రి."

పాపను చంకన వేసుకుని మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. ఆమె లోపలి చిన్న గదిలో ఉంది. ఆ గదిలోకి అంతకుముందు నేను ఎప్పుడూ వెళ్ళలేదు. కిటికీకి కొత్త నీలం కర్టెను. ఒంటి మంచం, దాని మీద ఇస్త్రీ మడత కూడా చెదరని దుప్పటి. గోడకు అల్మారా, అందులో ఖాళీ హ్యాంగర్లు. ఆమె స్టూలు మీద నిల్చుని కర్టెను రెండో రెక్కకు కొక్కేలు తగిలిస్తోంది.

"ఉంచుకున్నారు!" అన్నాను. "రెండేళ్ళకు! సంతకం కూడా అయిపోయింది!"

ఆమె స్టూలు దిగింది. నా చేతిలో కాగితం తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"బాగుంది. చాలా బాగుంది," అంది. "వాడి నాన్నకు గర్వంగా ఉంటుంది."

నాకు ఇంకేమీ కనపడలేదు. కోరిన పని అయింది, ఇక చెప్పవచ్చు. మొత్తం చెప్పేశాను. రాజన్న సంగతి, కోడె సంగతి, జనవరి నుంచీ రోజూ పొయ్యి ముట్టించే ముందు దండం పెట్టుకున్న సంగతి. ఆమె మంచం అంచున కూర్చుని శ్రద్ధగా వింది.

"ఎద్దా?" అంది.

"కోడె. చిన్న ఎద్దు. దాన్ని గుడి చుట్టూ తిప్పాలి."

"నా కొడుకు కోసం?"

"అవును."

ఆమె నవ్వింది. పెద్దగానే నవ్వింది. పాప కూడా చూసి నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగలేదు, కానీ అది నవ్వు కాదని నాకు అర్థమయ్యేసరికి ఆమె దుప్పటి అంచు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నేను అడిగింది అది కాదు, లవ్," అంది కొంతసేపటికి. "నేను రోజూ అడిగింది వాణ్ణి పంపించెయ్యమని."

నేను పాపను చంకలోంచి కిందికి దించాను.

"ఓడిపోవాలని అడగలేదు. ఊరికే, నువ్వు చాలవు అని వాళ్ళు మర్యాదగా చెప్పాలని. కొన్ని రోజులు ఏడుస్తాడు. తర్వాత విమానం ఎక్కుతాడు. ఈ గదిలో ఉంటాడు." గోడ వైపు చూస్తూ చెప్పింది. "వాడు వెళ్ళేనాటికి వాడి గడ్డం మీద ఏమీ లేదు. పోయిన వేసవిలో చూస్తే గీసుకుంటున్నాడు. ఆ మధ్యలో ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఆ ముసలావిడకు తెలుసు."

పెద్ద జట్టు ఓడిన శనివారాల్లో ఆమె మొహం అలా ఎందుకుండేదో అప్పుడు తెలిసింది. జట్టు ఓడితే వాడికి పెద్ద జట్టులో చోటు దగ్గరపడినట్టు. ఇంకో ఓటమి వస్తే వాడు తల్లికి ఇంకో మెట్టు దూరం.

"వాడికి ఎప్పుడూ చెప్పకు," అంది. నేను వాడిని ఎన్నడూ చూడలేదు, చూసే అవకాశమూ లేదు. అయినా చెప్పనని మాటిచ్చాను.

కిందికి వచ్చేసరికి మా ఆయన తిని, కంచం కడిగి పెట్టాడు. "సంబురపడ్డదా?" అని అడిగాడు. పడ్డదన్నాను. పాప నిద్రకొచ్చింది. పక్కన పడుకుని చాలాసేపు దాని అరికాలు పట్టుకుని ఉన్నాను. నజ్మా పేటలో మేము సరుకులు తెచ్చుకునే దుకాణం దగ్గర కలిసే ఆడవాళ్ళలో ఎవరి పిల్లకు అయిదేళ్ళు దాటినా ఒకటే మాట, హైదరాబాదులో ఏ హాస్టలు మంచిది అని. అప్పటిదాకా ఆ మాటలు నేను కూరగాయల ధరలు విన్నట్టే వినేదాన్ని.

ఆ సీజనులో మిగిలిన శనివారాలు ఆమె రాలేదు. కోపం లేదు, మెట్ల మీద ఎదురైతే పాప బుగ్గ నిమిరేది. నేను మాత్రం కుర్చీ వేసి ఉంచేదాన్ని.

వేసవిలో మేం సెలవు మీద ఊరికి వెళ్ళాం. మొక్కు మొక్కే కదా. వేములవాడకు మా అత్త వెంట వచ్చింది. దారిలో బస్సులోనే మొదలుపెట్టింది.

"ఎవలి కోసమే కోడె? పిల్లకోసమా?"

"కాదత్తమ్మా. మా పై ఇంటామె కొడుకు కోసం."

"ఏం రోగం పిల్లగానికి?"

"రోగం కాదు. బంతాట."

"బంతాటకు కోడెనా! దుబాయ్ పోయి నీకు మతి పోయింది బిడ్డా. ఎవల్లు వాళ్ళు? మనోళ్ళేనా?"

"ఇంగ్లీషోళ్ళు."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. గుడిలో పంతులు పేరు, గోత్రం అడిగాడు. పేరు చెప్పాను. ఆయన రెండుసార్లు ప్రయత్నించి పలకలేక, గోత్రం తెలియకపోతే శివగోత్రం అని చదివేశాడు. కోడె మంచిదే, మారాం చెయ్యకుండా నడిచింది. పాప దాని వెనకాలే తోక పట్టుకోబోతుంటే మా అత్త పరుగెత్తింది. తాడు పట్టుకుని తిరుగుతున్నంతసేపూ నేను ఏం కోరుకోవాలో తెలియలేదు. ఇచ్చింది వెనక్కి తీసుకొమ్మని అడగలేం. ఆ పిల్లగాడు సంతోషంగా ఉన్నాడని టెలెక్సులో రాసి ఉంది. ఆమెను కూడా కొంచెం చూడు అని మాత్రం అన్నాను.

సెప్టెంబరులో తిరిగి వచ్చాం. ఆమె కూడా ఇంగ్లండు నుంచి వచ్చింది. మొదటి శనివారమే రేడియోతో దిగింది. పాపకు ఉన్ని టోపీ తెచ్చింది, దోహా ఎండలో! వాడు పొడుగయ్యాడట. వాళ్ళ పిన్ని ఇంట్లో రెండు వారాలు తల్లి దగ్గర ఉన్నాడట.

"మొదటి వారం నావాడే," అంది. "రెండో వారం పొద్దున్నే లేచి రోడ్డు మీద పరుగెత్తడం మొదలుపెట్టాడు. తిరిగి వచ్చేవాడు గానీ, అప్పటికే వెళ్ళిపోయినట్టే ఉండేది."

ఆ చిన్న గది సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. చలికాలం వస్తుండగా ఒక గురువారం మా ఆయన ఇంకో టెలెక్సు తెచ్చాడు. ఈసారి పద్ధతి ప్రకారం ముందు సారుకే ఇచ్చి వచ్చాడు. శనివారం ఆటకు వాడు పెద్ద జట్టులో పన్నెండో నంబరు. పన్నెండు అంటే మైదానం పక్కన బెంచీ మీద కూర్చోవడం. ఎవరైనా కుంటితే, ఎవరైనా అలిసిపోతే లోపలికి పంపుతారు. లేకపోతే ఆటంతా అలా కూర్చోవడమే.

ఆ శనివారం సారు కూడా పని మానేసి మా బాల్కనీకి వచ్చాడు. మా ఆయన కొత్త కప్పులు కొన్నాడు. అయిదుగురం ఆ రెయిలింగు చుట్టూ చేరాం. స్కోర్లు చదివే ఆయన ఒక్కో ఊరూ దాటుకుంటూ వచ్చాడు. వాళ్ళ జట్టు పేరు వచ్చింది. గొంతు లేవలేదు, జారలేదు. ఒకటి, ఒకటి. సమానం. అంతే, తర్వాతి ఊరికి వెళ్ళిపోయాడు.

"ఆడిండా లేదా?" అన్నాడు మా ఆయన తెలుగులో, నాతో.

అది ఆ రేడియో చెప్పదు. మధ్యలో బంతి అందించినవాడి సంగతి చెప్పే మాటలే అందులో లేవు.

పైన వాళ్ళింట్లోకి ఆ మధ్యే ఫోను వచ్చింది. వాడు ఇంటికి చేరే వేళ చూసి ట్రంకు కాల్ బుక్ చేశారు. వాడు ఉండే ముసలావిడ ఇంట్లో కూడా ఫోను ఉందట. నేను తోడుగా వెళ్ళాను. మా ఆయన పాపను ఎత్తుకుని కింద ఉండిపోయాడు. సారు సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చి, చివరికి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఫోను మోగినప్పుడు ఆమె రెండు చేతులతో తీసింది.

"నేనే, అమ్మను. వినపడుతోందా? ... గట్టిగా చెప్పు ... ఆడావా? ... ఎప్పుడు? ... చివర్లో అయితే ఏం, ఆడావు కదా ... బంతి ఎన్నిసార్లు దొరికింది? ... రెండుసార్లా? రెండుసార్లూ ఎవరికి ఇచ్చావు? ... మంచిది. మంచి పని చేశావు ... ఆ, మీ నాన్న ఇక్కడే ఉన్నాడు, వరండాలో. ఏడవడం లేదు, పొగ ... కాలు నొప్పా? ఏ కాలు? ... ఆవిడ చూస్తోందా? ... సరే. ఆవిడకు నా కృతజ్ఞతలు చెప్పు."

కాసేపు అటువైపు మాటలు విన్నది. ఫోను తీగను వేలికి చుట్టుకుంటోంది.

"క్రిస్మస్‌కి ఇక్కడికి ... ఓ, ఆ మర్నాడు ఆట ఉంటుంది కదా. ఉంటుంది. తెలుసు. ఊరికే అడిగాను ... లేదు లేదు, నువ్వు రాకూడదు. ఆడాలి. నువ్వు ఆడాలి, వింటున్నావా? ... ఇక్కడ బాగానే ఉంది. వెచ్చగా ఉంది ..."

మధ్యలో ఆపరేటరు గొంతు వచ్చినట్టుంది. ఆమె "ఇంకొక్క నిమిషం" అంది. తర్వాత రిసీవరును చెవి దగ్గర అలాగే ఉంచుకుని, కొంతసేపటికి పెట్టేసింది.

"ఎలా ఉన్నాడు?" అని అడిగాను.

"ఆకలిగా ఉన్నాడు," అంది. "చెప్పలేదు. గొంతులో తెలుస్తుంది."

లేచి వంటింట్లోకి వెళ్ళింది. బుట్టలోంచి ఆలుగడ్డలు తీసి నీళ్ళలో కడిగి, తొక్క తియ్యడం మొదలుపెట్టింది. సారు అప్పటికే మా ఇంట్లో తిన్నాడు. ఆమె కూడా తిన్నది, నేనూ తిన్నాను. సొరుగు తెరిచి ఇంకో కత్తి తీసుకుని ఆమె పక్కన నిల్చున్నాను.